నల్ల కారు మీది గుండ్రటి గీతలు

పొడిగుడ్డతో కారు తుడిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే సందులో నడుస్తుంటే ఎవరో ఒకరు భుజాన ఉన్న తువ్వాలు తీసి, దుమ్ము పట్టిన బానెట్ మీద గుండ్రంగా, బలంగా, ఏదో పుణ్యకార్యం చేస్తున్నట్టు రుద్దుతుంటారు. ఆగి నాలుగు మాటలు అనాలనిపిస్తుంది. మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. "నీకెందుకే, వాని కారు వాని ఇష్టం" అంటాడు. నిజమే, వాని కారే. కానీ ఆ రుద్దుడి వల్లనే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం తలదాచుకున్న ఒక్క గదికీ ఎసరు వచ్చింది. అప్పటి కోపం నాలో ఇంకా చల్లారలేదు, చల్లారాలని నేను ప్రయత్నించలేదు కూడా.

అది తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పాత అపార్ట్‌మెంట్ మాది. సగం ఇళ్ళు మాలాగా నల్లగొండ జిల్లా ఊళ్ళ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళవి, మిగతా సగం కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళవి. అంతకుముందు ఎవరిది ఏ జిల్లా అని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. వాళ్ళ గోంగూర పచ్చడి మా ఇంటికి వచ్చేది, మా సర్వపిండి వాళ్ళింటికి వెళ్ళేది. ఉద్యమం వేడెక్కాక మెట్ల మీద ఎదురుపడితే పలకరింపు కూడా తూకం వేసి పెట్టుకునే పరిస్థితి వచ్చింది. టీవీలో వార్తలు మొదలైతే ఒక ఇంట్లోంచి చప్పట్లు, పక్కింట్లోంచి తలుపు దఢాలున వేసుకున్న చప్పుడు వినిపించేవి.

వాచ్‌మన్‌ది దేవరకొండ వైపు ఊరు. మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన ఉన్న గదిలో భార్య, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవాడు. అదొక గదని చెప్పుకోవడమే, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. కానీ దానికి కిరాయి లేదు. ఆయన భార్య మా అపార్ట్‌మెంట్‌లోనే కొన్ని ఇళ్ళలో అంట్లు తోమేది. పిల్లలు దగ్గర్లో ఉన్న సర్కారు బడికి నడిచి వెళ్ళేవాళ్ళు. ఆ గది ఉంటే ఆమె పని ఉంటుంది, పిల్లల చదువు ఉంటుంది. గది పోతే అన్నీ ఒక్కసారే పోతాయి. ఈ సంగతి మా అపార్ట్‌మెంట్‌లో తెలియనివాళ్ళు లేరు. తెలియక చేశారని తర్వాత ఎవరైనా అంటే నేను నమ్మను.

నాకు కారు రంగుల గొడవ ఎందుకు తెలుసో చెప్పాలి. మా నాన్నకు ఎల్బీనగర్‌లో, సాగర్ రోడ్డు మొదట్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, టైర్ల మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. థిన్నర్ వాసన నాకు ఇంటి పోపు వాసనంత అలవాటు. మా నాన్న కోపిష్టి. కారు మీద పొడిగుడ్డ పెట్టినవాణ్ణి ఎవరినైనా సరే, అది సొంతదారే అయినా సరే, తిట్టేవాడు.

"రంగు మీద అద్దం లెక్క ఒక పొర ఉంటది బిడ్డా" అని నాకు చెప్పేవాడు. "దుమ్ము అంటే ఏమనుకుంటున్నవ్, ఇసుకనే. పొడిగుడ్డ పెట్టి రుద్దితే ఆ ఇసుకతోని అద్దాన్ని గీరినట్టే. ఒక్కనాడు కనవడదు. ఏడాది పోయినంక ఎండల పెట్టి చూడు."

ఎండలో పెట్టి చూస్తే నిజంగానే భయం వేసేది. బానెట్ మీద సూర్యుడు మెరిసే చోట, ఆ మెరుపు చుట్టూ వెంట్రుకల్లాంటి సన్న గీతలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, సాలెగూడు అల్లినట్టు కనిపిస్తాయి. తెల్ల కారు మీద అంతగా తెలియదు. నల్ల కారు మాత్రం ఏదీ దాచుకోలేదు. చాలామంది అది పాలిష్ పోవడం అనుకుని రోడ్డు పక్క మిషన్ దగ్గరికి తీసుకెళ్తారు. వాడు పైపొరను అరగదీసే గరుకు కాంపౌండ్ పేస్టు పూసి, మిషన్ గిరగిరా తిప్పి, పైన నూనెలాంటిది పూసి పంపిస్తాడు. నాలుగు వానలు పడేదాకా తళతళ. తర్వాత పాత గీతలకు తోడు మిషన్ గీతలు కూడా బయటపడతాయి. వీళ్ళ పెళ్ళికి పోయి దిష్టి తగిలిందనీ, వాళ్ళ కళ్ళు మంచివి కావనీ అంటారు తప్ప తమ చేతిలో ఉన్న గుడ్డ వైపు మాత్రం చూడరు.

నాకు ఒక పాత మెరూన్ కారు ఉండేది. ఆదివారం నేనే కడుక్కునేదాన్ని. ముందు పైపుతో నీళ్ళు కొట్టి దుమ్మంతా జారిపోనిస్తాను. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, ఇంకో బకెట్లో మామూలు నీళ్ళు. గుడ్డ ప్రతిసారీ మామూలు నీళ్ళలో జాడించి, ఇసుక దిగిపోయాకే మళ్ళీ షాంపూలో ముంచాలి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, ముందు నుంచి వెనక్కి తిన్నగా. ఇంత చాదస్తం చూసి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "పిల్లకు తలంటు పోస్తున్నట్టుంది" అనేవాళ్ళు. నవ్వుకోనీ అని ఊరుకునేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. ట్యాంకర్ తెప్పించుకునేవాళ్ళం. ట్యాంకర్ నీళ్ళతో కార్లు కడగడమేంటని అసోసియేషన్ మీటింగు పెట్టి ఒక తీర్మానం చేసింది. కార్లన్నిటికీ కలిపి రోజుకు ఒక్క బకెట్. బకెట్ కూడా అసోసియేషన్‌దే, నీలం రంగుది. వానలు పడి బోరులో నీళ్ళు వచ్చాక కూడా ఆ రూలు అట్లాగే ఉండిపోయింది. ఒక రూలు పెట్టడానికి మీటింగు కావాలి కానీ, దాన్ని తీసెయ్యాలని ఎవరికీ గుర్తు రాదు కదా. నేను మాత్రం ఆదివారాలు నా కారును మా నాన్న షెడ్డుకు తీసుకెళ్ళి కడుక్కునేదాన్ని.

ఆ ఒక్క బకెట్లో రెండో కారు అయ్యేసరికి బురద. చివరి కారు వచ్చేసరికి అందులో ఉన్నవి నీళ్ళు కావు, పలుచని సిమెంటు. పైగా మా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఆఫీసుకు బయల్దేరే ముందు కిందికి దిగి, బానెట్ మీద చూపుడు వేలితో ఒక గీత గీసి, వేలు ఎత్తి చూసుకుంటారు. దుమ్ము అంటితే వాచ్‌మన్‌కు అక్కడే అక్షింతలు. పాపం ఆయన ఏం చేస్తాడు? తెల్లవారకముందే లేచి, ముందు పొడిగుడ్డతో దుమ్మంతా రుద్ది, తర్వాత తడిగుడ్డ పెట్టేవాడు. ఆ గుడ్డలు ఆయనవి కావు. ఈ సారు పాత బనియను, ఆ సారు చిరిగిన తువ్వాలు. అన్నీ మెట్ల కింద నేల మీద పడి ఉండేవి. బంద్ రోజుల్లో రోడ్డు మీద టైర్లు కాలబెడితే ఆ మసి కూడా వచ్చి కార్ల మీద వాలేది. అప్పుడు రుద్దుడు ఇంకా ఎక్కువ.

అసోసియేషన్ ప్రెసిడెంట్ ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్, మా వైపు మనిషే. నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఎల్బీనగర్ దీక్షా టెంటులో రోజూ ఆయన ఉపన్యాసం ఉండాల్సిందే. ఒకసారి ఆయనతో చెప్పాను.

"అన్నా, గా ఒక్క బకెట్ రూలు తీసేయిన్రి. కార్లు ఖరాబవుతున్నయి."

"తెలంగాణల తాగనీకే నీళ్ళు లేవు చెల్లె. నీకు కార్ల సోకు పట్టింది" అన్నాడు.

సమ్మె మొదలై మా ఆఫీసు మూతపడింది. నేను సర్కారు ఉద్యోగిని కాబట్టి నాకూ సమ్మే. పగలంతా ఇంట్లోనే ఉండేదాన్ని, అందుకే ఆ తర్వాత జరిగిందంతా నా కళ్ళముందే జరిగింది.

మా పైన ఫ్లాట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ ఇంజినీరు ఉండేవాడు. అంతకు ముందు ఏడాదే నల్ల కారు కొన్నాడు. సీట్ల మీద కవర్లు కూడా తియ్యలేదు. ఆ కారు ఆయనకు ప్రాణం, అది తప్పని నేననను. ఒక బంద్ రోజు ఆ కారు గేటు బయట ఉండిపోయింది. సందులోంచి ఊరేగింపు వెళ్ళింది. ఎవరో బానెట్ మీది దుమ్ములో వేలితో 'జై తెలంగాణ' అని రాసి వెళ్ళారు. ఆయన బయటికి వచ్చి చూసి, ముఖం ఎర్రగా చేసుకుని, జేబులోంచి రుమాలు తీసి ఆ అక్షరాలను బరబరా తుడిచేశాడు. పొడి రుమాలుతో. మా కిటికీలోంచి చూస్తున్న నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడినప్పుడు ఆయనకు గీతలు కనబడ్డాయి. నన్ను పిలిచి చూపించాడు.

"చూడమ్మా, ఇవి మామూలుగా పడే గీతలు కావు. కావాలని చేసినవి. ఇసుక పోసి రుద్దారు."

"ఎవరు రుద్దుతరు అంకుల్?"

ఆయన మెట్ల కింది గది వైపు చూశాడు. "రోజూ దీని మీద చెయ్యేసేది ఎవడు? వాడు టెంటు దగ్గరకు కూడా వెళ్ళొస్తున్నాడు. మేవంటే వాళ్ళకి కడుపుమంట. ఇలాంటివాణ్ణి గుమ్మంలో పెట్టుకుని మేం ఎలా నిద్రపోవాలి చెప్పు. వాణ్ణి పంపించెయ్యాల్సిందే."

వాచ్‌మన్ టెంటు దగ్గరకు వెళ్ళింది నిజమే. ప్రెసిడెంట్‌కు మధ్యాహ్నం టిఫిను డబ్బా ఇచ్చి రావడానికి వెళ్ళేవాడు. నేను ఆ మాట చెప్పబోతే ఇంజినీరు వినిపించుకోలేదు. ఆయన ఆరోపణ ఆ రాత్రికే కోస్తా ఇళ్ళన్నిటికీ చేరిపోయింది. గీతలు చూడనివాళ్ళు కూడా చూసినట్టే చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ప్రెసిడెంట్ చెవిన పడగానే ఆయన కిందికి వచ్చి, వాచ్‌మన్ భుజం మీద చెయ్యేసి, అందరికీ వినబడేలా అన్నాడు. "వీడు మనోడు. మన నల్లగొండ బిడ్డ. వీన్ని ఎల్లగొట్టాలంటే ముందు నన్ను ఎల్లగొట్టాలె."

మర్నాడు వాచ్‌మన్ మెడలో ఒక ఉద్యమ కండువా కూడా వేశాడు. ఆ కండువాతో వాచ్‌మన్ మోటారు గది దగ్గర నిలబడి నన్నడిగాడు. "అక్కా, నన్నెందుకు మీటింగుకు రమ్మంటున్నరు? నేనేం జేసిన? మోటారేసే టైమయితున్నది, ట్యాంకి నింపాలె నేను."

నాకు ఇద్దరి మీదా మండిపోయింది. ఒకాయన చెయ్యని పాపం వాచ్‌మన్ నెత్తిన రుద్దుతున్నాడు. ఇంకొకాయన ఆ మనిషిని జెండా కర్రలా పట్టుకుని ఊపుతున్నాడు. ఇద్దరిలో ఒక్కడికీ ఆ గీతలు ఎట్లా పడ్డాయో తెలుసుకోవాలని లేదు. వెళ్ళగొట్టాలని సగం ఇళ్ళు, ఉంచాలని సగం ఇళ్ళు. ఆదివారం మీటింగులో తేల్చుకుందామన్నారు. అసలు సంగతి నేను చూపిస్తే ఈ గొడవ అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఆ మనిషి గది ఆయనకు ఉంటుంది, నీలం బకెట్ రూలు పోతుంది. ఇందులో తప్పేముంది? నేను ఇప్పుడైనా అదే చేస్తాను.

శనివారం ఎల్బీనగర్ వెళ్ళి షెడ్డులో మా నాన్నతో విషయం చెప్పాను. ఆయన ఇంజినీరును కాసేపు, ప్రెసిడెంట్‌ను కాసేపు తిట్టి, స్పాంజి ప్యాడు, సన్న కాంపౌండ్ డబ్బా, కాగితం టేపు నా చేతికిచ్చాడు.

"మిషన్ వద్దు, చేత్తోనే చెయ్యి. ఎక్కువ రుద్దకు. పైపొర ఉన్నదే ఉల్లిపొరంత. గీత లోతు దాకా చుట్టుపక్కల పొరను అరగదీస్తేనే గీత పోతది. అంటే ఇంతింత పొర కరాబైనట్టే లెక్క. ఊకె ఊకె చేసేది కాదిది."

ఆదివారం పొద్దున కార్లన్నీ ఎండలోనే ఉన్నాయి. అందరూ దిగివచ్చాక నేను ఇంజినీరు దగ్గరికి వెళ్ళి, మీ బానెట్ మీద అరచేయంత చోటు ఇవ్వండి అని అడిగాను. ఆయన అనుమానంగానే ఒప్పుకున్నాడు. ముందు పైపుతో నీళ్ళు కొట్టి, షాంపూతో కడిగి, తడి ఆరేదాకా మెత్తని గుడ్డ ఒత్తాను. నాలుగువైపులా టేపు అంటించి, మధ్యలో కాంపౌండ్ చుక్కలు పెట్టి, స్పాంజితో నెమ్మదిగా అడ్డంగా, నిలువుగా పట్టించాను. చేతి పని కదా, చాలాసేపు పట్టింది. చెయ్యి లాగింది. కొందరు విసుక్కుని వాచీలు చూసుకున్నారు. చివరికి గుడ్డతో తీసి, టేపు పీకేశాను.

ఆ చదరంలో గీత లేదు. నల్లగా, లోతుగా, బావిలోకి చూసినట్టు ఉంది. టేపు అవతల మాత్రం ఆ సాలెగూడు అట్లాగే ఉంది. ఇంజినీరు వంగి అటూ ఇటూ తలతిప్పి చూశాడు. ఆయన ముఖంలో ఒక్క క్షణం చిన్నపిల్లాడి సంతోషం కనిపించింది.

"ఇసుక పోసి రుద్దితే గీతలు లోతుగ, అడ్డదిడ్డంగ పడుతయి అంకుల్. ఇవి గుండ్రంగ, సన్నగ ఉన్నయి. రోజూ దుమ్ము మీద గుడ్డ తిప్పినందుకు పడ్డయి. పగతోని చేసినవి కావు. తెలంగాణతోని వీటికి సంబంధం లేదు. కావాలంటే అందరి కార్లు చూడండి" అన్నాను.

అందరూ తమ తమ కార్ల దగ్గరికి వెళ్ళి వంగారు. ప్రెసిడెంట్‌ది ముదురు నీలం కారు. నంబర్ ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాయించుకున్నాడు. ఆయన బానెట్ మీదికి ఒంగి, కళ్ళద్దాలు పైకి నెట్టి, చాలాసేపు చూశాడు.

"ఏంది చెల్లె ఇది? నా దాని మీద గూడ ఉన్నయి గద."

"అందరివాటి మీద ఉంటయన్నా. ఒక్క బకెట్ నీళ్ళతోని అన్ని కార్లు తుడిపిస్తే ఇట్లనే అయితది."

ఇంజినీరు ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. నెలల తర్వాత వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే.

"మీకు తలుపుల మీద కూడా పడ్డాయి మాస్టారూ."

"ఔను సార్. ఇంకా లోన్ గూడ తీరలే దీనిది."

"మరి మీ కారుకి లేవేంటమ్మా?" అని ఇంజినీరు నన్నడిగాడు.

"నా కారు నేను ఎవ్వరినీ ముట్టనియ్య. రెండు బకెట్లు పెట్టుకుని నేనే కడుగుత. ఆ ఒక్క బకెట్‌తోని ఎవరు తుడిచినా గీతలు పడుతయి. మీరు తుడిచినా, నేను తుడిచినా పడుతయి."

వాళ్ళు విన్నది నా మొదటి వాక్యమే. మిగతాది నేను గోడకు చెప్పినట్టయింది.

"అంటే చేసింది వాడేగా" అన్నాడు ఇంజినీరు.

"వీడే మరి" అన్నాడు ప్రెసిడెంట్. నిన్నటిదాకా ఆ భుజం మీద చెయ్యి వేసిన మనిషి. "ఇన్ని దినాలసంది అందరి కార్లు ఖరాబ్ చేసుకుంట ఒస్తుండు. మనకేమో తెల్వకపాయె."

నేను మొదట సరిగ్గా విన్నానా అనుకున్నాను. విన్నానని అర్థమయ్యాక ఇక నోరు ఆగలేదు. బకెట్ రూలు పెట్టింది మీరు. మురికి గుడ్డలు ఇచ్చింది మీరు. వేలు పెట్టి గీసి, దుమ్ము ఉందని తిట్టి, ఇంకా గట్టిగా రుద్దమన్నది మీరు. అంకుల్, మీ రుమాలుతో మీరే రుద్దారు, నేను చూశాను. అన్నా, రూలు తియ్యమని నేను అడిగితే నన్నే ఎద్దేవా చేశారు. ఇవన్నీ గట్టిగా, గేటు బయట ఇస్త్రీ బండివాడికి కూడా వినబడేంత గట్టిగా అన్నాను. మా ఆయన నా జబ్బ పట్టుకున్నాడు, విదిలించుకున్నాను.

ఇంజినీరు భార్య వచ్చి, "నువ్వు మంచి పనే చేశావమ్మా, నీవల్లే తెలిసింది" అని నా చెయ్యి నిమిరింది. ఆవిడ నిజంగానే మెచ్చుకుంటోంది. నాకు ఆ చెయ్యి కడుక్కోవాలనిపించింది.

వాచ్‌మన్ మోటారు గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మెడలో కండువా ఇంకా ఉంది. ప్రెసిడెంట్ ఆయన వైపు చూసి, ఏదో కాలేజీలో కాపీ కొట్టినవాణ్ణి అడిగినట్టు, "ఏందిరా, మా బండ్ల మీద నీకేం పగరా?" అని అడిగాడు. వాచ్‌మన్ కండువా తీసి మడిచి, అక్కడున్న స్టూలు మీద పెట్టాడు. తర్వాత మోటారు ఆపాల్సిన టైమయిందని లోపలికి వెళ్ళాడు.

తీర్మానం ఏకగ్రీవమని రాసుకున్నారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. అప్పటిదాకా కార్ల జోలికి పోకూడదు. ఆ ఏడాది మొత్తంలో మా అపార్ట్‌మెంట్ రెండువైపులవాళ్ళూ ఒక్క మాట మీద నిలబడింది అదొక్కటే. చేతులెత్తమంటే నా చెయ్యి, మా ఆయన చెయ్యి తప్ప అన్నీ లేచాయి. తర్వాత ఎవరింట్లోంచో టీ వచ్చింది. ఇంజినీరూ ప్రెసిడెంటూ ఒకే ట్రేలోంచి కప్పులు తీసుకుని, ఏ కంపెనీ కాంపౌండ్ మంచిదని నన్నే అడిగారు. నేను నా ప్యాడు, డబ్బా తీసుకుని పైకి వచ్చేశాను.

సాయంత్రం మళ్ళీ ప్రెసిడెంట్ ఇంటికి వెళ్ళాను. "అన్నా, టెంటుల మీరేం మాట్లాడుతున్నరో నేను విన్న. గరీబోనికి గూడు ఉండాలంటిరి. పనిచేసేటోనికి న్యాయం జరగాలంటిరి. ఇదేం న్యాయం?"

ఆయన టీవీ గొంతు తగ్గించి, నాకు కుర్చీ చూపించి, చాలా ఓపికగా చెప్పాడు. "చెల్లె, అది వేరు, ఇది వేరు. అది ఉద్యమం. ఇది అసోసియేషన్." ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా మండింది. ఆ కుర్చీలో కూర్చోకుండానే వచ్చాను. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు, సరే, దానివల్ల ఎవరికేం ఒరిగింది.

మా నాన్నతో మాట్లాడి షెడ్డులో పని ఇప్పిస్తానని వాచ్‌మన్‌తో అన్నాను. "పని దొరుకుతదక్కా, ఎక్కడన్న దొరుకుతది. ఉండనీకే గది కావాలె గద" అన్నాడు. షెడ్డులో పని ఉంది కానీ గది లేదు. ఎల్బీనగర్‌లో కిరాయిలు ఆయనకు అందేవి కావు. చివరికి పెద్ద అంబర్‌పేట్ అవతల ఎవరో కొత్తగా కడుతున్న బిల్డింగు దగ్గర కాపలా పని దొరికింది. ఇటుకలు పేర్చి పైన రేకు వేసుకుని ఉండొచ్చన్నారట. బడి చాలా దూరం. అక్కడ ఆయన భార్యకు పని ఇచ్చే ఇళ్ళే లేవు.

వాళ్ళు వెళ్ళిపోయే రోజు నేను కిందికి వెళ్ళేసరికి ఆమె గది గుమ్మంలో కూర్చుని గిన్నెలను పాత చీరలో మూట కడుతోంది. ఆయన ట్రాలీ ఆటో కోసం మెయిన్ రోడ్డుకు వెళ్ళాడు. పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. పేరుపేరునా తిట్టాను. వీళ్ళ కార్లు తుప్పు పట్టిపోవాలన్నాను. ఇంత మోసగాళ్ళను నేనెక్కడా చూడలేదన్నాను. ఆమె మూట ముడి బిగిస్తూ వింటోంది.

"నేను నిజమే గద చెప్పింది" అన్నాను చివరికి. "ఆయన తప్పు లేదనే గద చెప్పింది."

"మీరు అబద్దం చెప్పిన్రని ఎవ్వరన్నరక్కా" అందామె. తల ఎత్తలేదు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

"ఆంధ్ర సారు ఎల్లగొట్టాలంటుండె, మన సారు ఉంచాలంటుండె. వాళ్ళు అట్ల కొట్లాడుకున్నన్ని దినాలు మా గది మాకుండె. నిన్నమొన్నటిదాంక మా ఆయన తెలంగాణోడుండె అక్కా. మీరు పోయి ఈ గీతలకు తెలంగాణతోని సంబంధం లేదంటిరి. ఇగ ఉత్త వాచ్‌మనే మిగిలె. ఉత్త వాచ్‌మన్‌ను ఎవరుంచుకుంటరు?"

ఆమె ఇంకో చీర పరిచి, నా వెనక గోడ పక్కన ఉన్న అన్నం గంజు వైపు చెయ్యి చాపింది.

"జర అది ఇటియ్యిన్రి" అంది. తీసి ఇచ్చాను.